నాలుగు గళ్ళ మాట

ప్రియమైన అమ్మకి,

కుట్టుషాపులో ఊపిరాడనంత పని. మధ్యాహ్నం తింటూ తింటూ ఈ వారం గళ్ళ నుడికట్టు ముందేసుకున్నాను. అన్నీ నేరుగా అనలేక చుట్టూ తిప్పి చెప్పే మాటలే. దీపం ఆరిపోయిందనకుండా ‘కొండెక్కింది’, పంచదార అయిపోయిందనకుండా ‘నిండుకుంది’. నువ్వు రోజూ అనేవే. రెండు మిగిలాయి. ‘దొంగబుద్ధికి మర్యాద పేరు’ ఒకటి. ‘జైలుకి జనం పెట్టిన ముద్దుపేరు’ ఇంకొకటి, నాలుగు అక్షరాలు, చివర ‘ల్లు’. చెప్పవా.

కొత్తింట్లో దిగాం కదా, వచ్చి నాలుగు రోజులుండు. నాన్న వస్తానంటే మాత్రం వద్దని చెప్పు.

నీ చిట్టి

బంగారు తల్లికి,

మొదటిది ‘చేతివాటం’. మీ షాపులో గుడ్డముక్కలు మాయమైతే ఏమంటారే మరి? రెండోది నాకు తట్టలేదు, వదిలెయ్. మోకాళ్ళు సహకరిస్తున్నాయి, వస్తాను. నాన్న సంగతి నీ ఇష్టం.

మీ అమ్మ

అమ్మా,

నీకు తట్టని మాటేంటా అని కటింగ్ మాస్టర్ని అడిగాను. “అత్తారిల్లు. అది కూడా తెలీదామ్మా?” అని నవ్వేశాడు.

నా చిన్నప్పుడు నాన్న కొన్నాళ్ళు కనబడకపోతే పక్కింటి పిన్ని “మీ నాన్న అత్తారింట్లో ఉన్నాడే” అంది. అమ్మమ్మ లేదు, తాతయ్య లేడు, నీకసలు పుట్టిల్లే లేదు. మరి ఆ అత్తారిల్లు ఎక్కడిది? ఇంకో పెళ్ళి చేసుకున్నాడనుకున్నాను. తిరిగొచ్చినా ఇన్నేళ్ళూ ఆయన్ని పలకరించలేదు. నా పెళ్ళిలో కూడా ఆయన మొహం చూడలేదు. జైలా అమ్మా? ఏ తప్పు చేసి వెళ్ళినా సరే, నేననుకున్నది కాదు కదా. ఈ ఉత్తరం నాన్నకి చూపించు. నన్ను క్షమించమను. ఆయన్నీ వెంటబెట్టుకుని రా.

సిగ్గుతో,
చిట్టి

చిట్టీ,

ఉత్తరం మీ నాన్నకిచ్చాను. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ మళ్ళీ చదివాడు. ఇప్పుడైనా నిజం తన నోటితో చెప్తాడని స్టవ్ ఆపేసి ఎదురుగా కూర్చున్నాను. “చిన్నపిల్ల, తెలియక అనుకుంది. క్షమించానని రాయి” అన్నాడు. ఇంత కాపురం చేశాక కూడా ఈ మనిషి నన్ను ఇలా నిర్ఘాంతపరచగలడనుకోలేదు.

నువ్వనుకున్నది నిజమే తల్లీ. జైలుకెళ్ళిందీ నిజమే. రెండో పెళ్ళి చేసుకున్నాడని కేసు పెట్టింది నేను. అత్తారింట్లో ఉన్నాడని అందరికీ చెప్పిందీ నేనే. ఎవరు ఎలా అర్థం చేసుకున్నా అబద్ధం కాదు కదా అని. ఆ రెండో ఆవిడ వెళ్ళగొట్టాక వచ్చి గుమ్మంలో నిలబడితే లోపలికి రానిచ్చాను. ఎందుకు రానిచ్చానో అడక్కు, నాకే తెలీదు. నువ్వు ఆయనతో మాట్లాడకపోతే పైకి కసిరేదాన్ని గానీ, నా తరఫున ఒకరున్నారని లోపల ఎంతో ధైర్యంగా ఉండేది.

క్షమించానని రాయమన్నాడు, రాశాను. శనివారం బస్సుకి ఒక్కదాన్నే బయల్దేరుతున్నాను. ఇదంతా ఆయనకి చదివి వినిపించాకే కవరు అంటిస్తున్నాను.

మీ అమ్మ