సీటు లేని కుర్చీ

సిరిసిల్ల, 11-2-85
డాక్టర్ మళ్లీ అదే చెప్పాడు. అత్త ఇంకా నేల మీద కూర్చుంటే మోకాళ్లు పూర్తిగా పోతాయట. మగ్గానికి నూలు కండెలు చుట్టాలంటే కుర్చీలో కూర్చునే చుట్టాలి. మా ఇంట్లో కుర్చీ లేదు. కొత్తది కొనే స్తోమత లేదు.

17-2-85
కోరుట్లలో పాత సామాన్ల దుకాణంలో దొరికింది. అసలు టేకు. చేతుల మీద చెక్కిన నెమళ్లు. సీటు అల్లిక మొత్తం తెగిపోయింది, ఒక కాలు వదులు. అందుకే మాకు అందింది. బస్సు టాప్ మీద వేయించుకొని తెచ్చాను.

18-2-85
అత్త నెమళ్లను చూసి గోడకు ఆనుకుంది. బాపు రావు దొర కుర్చీ అట. మేము సిరిసిల్లకు రాకముందు అత్త నేసిన బట్టల మూటతో కోటలాంటి ఆ దొర గడీకి పోయేది. దొరవారు గిండ్ల కూసోని ఉన్నంతసేపు మేం నిలవడే ఉంటుంటిమి, నేనెట్ల కూసుంట పిల్లా, అన్నది. దొర ఊరు విడిచి ఆరేళ్లయింది. ఆ మాటే చెప్పాను. వినలేదు. నేల మీదే కూర్చుని చుట్టింది. లేపడానికి ఇద్దరం పట్టాల్సి వచ్చింది.

వాపసు ఇవ్వను.

19-2-85
పక్కింటి దేవవ్వ వచ్చింది. పోలీసులు చూస్తే గడీల దోసుకచ్చిండ్రంటరు, అడవిల అన్నలు చూస్తే దొర మనుషులంటరు, పొయ్యిల పెట్టుకో వదినా, అన్నది. మా ఆయన దశరథం కూడా తలూపాడు. ఇద్దరికీ ఒకటే చెప్పాను. అది మా అత్త కుర్చీ.

22-2-85
మా ఆయన పనిచేసే పవర్‌లూమ్ షెడ్డులో ఊడ్చి పారేసే వేస్టు నూలు అడిగి తెచ్చుకున్నాను. పన్నెండు పోగులు కలిపి పురి పెడితే మంచి తాడు. నవారు కొనే పని లేదు.

25-2-85, పొద్దున 10
వీధంతా సోదా. ఒక కానిస్టేబుల్ కుర్చీ ముందు ఆగి, గిది ఏ గడీల ఎత్తుకచ్చిండ్రు, అన్నాడు. సీటు ఉండాల్సిన చోట చెయ్యి దూర్చి కింద నేల చూపించాను. దోసేటోళ్లు సీటు లేని కుర్చీ దోస్తరా సారూ, అన్నాను. వెనకున్న కానిస్టేబుల్ నవ్వాడు. వెళ్లిపోయారు.

తలుపు గడియ పెట్టి మళ్లీ పురి తిప్పడానికి కూర్చున్నాను.

1-3-85
అల్లడం అయిపోయింది. వదులు కాలికి చెక్క చీల దిగగొట్టాను. పాత పాలిష్ గీకి నూనె రుద్దాను. అత్త ఇటు చూడలేదు.

3-3-85
మామూలు కుర్చీల కన్నా ఇది ఎత్తు. అత్త కాళ్లు నేలకు అందవు. దొర పాదాల కింద పీట ఉండేదని అత్తే చెప్పింది. పీట చెయ్యను, కాళ్లే కోస్తానన్నాను. టేకు ఖరాబైతదని మా ఆయన గొణిగాడు. రంపం అరువు తెచ్చి, మూడంగుళాలు కొలిచి, నాలుగు కాళ్లకూ గీతలు గీశాను. అత్త నేల మీది నుంచే చూస్తోంది. మొదటి కాలు తెగగానే, గింతేనా, ఇంకో అంగుళం కొయ్యి పిల్లా, అన్నది.

కొలత మార్చాను.

4-3-85
అత్త కూర్చుంది. నన్ను ఎదురుగా నిలబడమన్నది. నిలబడ్డాను. కాసేపు నా ముఖంలోకి చూసింది. జరసేపటికే నాకు గింత సిగ్గైతుంది, వాడు గన్నేండ్లు ఎట్ల కూసున్నడే, అన్నది.

తర్వాత కండెలు తెమ్మన్నది.