అమ్మకు కూడా ఉండేదా?

చిరంజీవి చిట్టితల్లికి, అమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నాన్నగారు, తమ్ముడు క్షేమంగా ఉన్నారు. నా క్షేమం సంగతి ఈ ఉత్తరంలోనే కొంత దూరం వెళ్లాక చెబుతాను. మధ్యలో మడిచి పక్కన పెట్టకు.

నీ ఉత్తరం అందింది. నీ నెలసరి నొప్పికి స్కానింగులో ఏమీ కనిపించలేదని, ఇంట్లో ఎవరికీ అలాంటిది లేదంటున్నారు కనుక పని ఒత్తిడే కావచ్చునని, ఆరు నెలలు చూద్దామని డాక్టరుగారు అన్నట్టు రాశావు. అయినా గురువారం మళ్లీ వెళ్లి చూపించుకోవాలా, మానేయాలా అని అడిగావు. "నిజంగానే నటిస్తున్నానేమో అమ్మా" అన్న వాక్యం దాటి చాలాసేపు చదవలేకపోయాను.

వెళ్లాలి. తప్పక వెళ్లాలి.

మా ప్యాకింగు విభాగంలో సీసాలకు మూతలు బిగించే అమ్మాయి ఒకతె, పోయిన వారం పొత్తికడుపు పట్టుకుని పెట్టెల మధ్య కూలబడింది. సూపర్‌వైజరును కదా, అందరి ముందూ గద్దించాను.

"లే, లే! నాటకాలు చాలు."

"నాటకమైతే టికెట్టు పెట్టి ఆడేదాన్ని కదక్కా, ఊరికే ఎందుకాడతాను?"

అందరూ నవ్వారు. ఆమె మొహంలో మాత్రం నెత్తురు చుక్క లేదు.

ఆసుపత్రికి నేనే తీసుకువెళ్లాను. అక్కడి డాక్టరమ్మ ఆమెకు వివరిస్తుంటే విన్నాను. గర్భాశయం లోపలి పొరలాంటిదే బయట, అండాశయాల మీదా పేగుల మీదా పెరుగుతుందట. నెలనెలా అదీ వాచి, నెత్తురోడి, అవయవాలను ఒకదానికొకటి అతికించేస్తుందట. పేరు ఎండోమెట్రియోసిస్. స్కానింగులో కనిపించనంత మాత్రాన లేనట్టు కాదట. కొందరికి చిన్న గాటు పెట్టి కెమెరాతో చూస్తేగాని తేలదట. గర్భాశయంలో గడ్డలున్నా, పాత ఇన్ఫెక్షను ఉన్నా ఇలాంటి నొప్పే రావచ్చునట. అందుకే ఏదో ఒకటి తేల్చుకోవాలన్నారు. తల్లికి ఉంటే కూతురికి వచ్చే అవకాశం ఎక్కువన్నారు.

ఆ మాటకు నేను నీకు రాసిన జవాబు గుర్తొచ్చింది. "అమ్మకు కూడా ఉండేదా?" అని డాక్టరుగారు అడిగారని నువ్వు ఇంతకుముందు రాసినప్పుడు, "మన వంశంలో అలాంటి జబ్బులు లేవు" అని జవాబిచ్చాను.

అది అబద్ధం. నాకూ ఈ నొప్పి ఉంది. పదమూడో ఏట మొదలైంది. రాత్రి కాలేజీలో చదివి, జ్వరంతోనే డిగ్రీ పరీక్ష రాశానని నిన్ను వందసార్లు దెప్పాను. జ్వరం కాదు, ఈ నొప్పే. మూడు గంటలూ బల్ల అంచు పట్టుకుని రాశాను. చదువుకున్న ఆడది ఇలాంటివి నోట పలకరాదనుకున్నాను. నేను ఓర్చుకున్నాను గనుక నువ్వూ ఓర్చుకోవాలనుకున్నాను. నువ్వు ముడుచుకుని పడుకున్న రోజుల్లో "వేషాలు" అన్నది నేనే. నువ్వు నటించడం లేదు తల్లీ. ఆ అనుమానం నీలో నాటింది నేను.

నిన్న నా కోసం ఆ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను.

"ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదా?"

"ఓర్చుకున్నానండీ."

"ఓర్చుకుంటే తగ్గేది కాదమ్మా ఇది" అని పరీక్షలు రాసిచ్చారు.

ఈ ఉత్తరంతో ఒక కాగితం జత చేశాను. నాకు ఎప్పుడు మొదలైందో, ఎక్కడ నొప్పో దాచకుండా రాసి సంతకం చేశాను. గురువారం అది డాక్టరుగారి ముందు పెట్టి, "మా అమ్మ అబద్ధం చెప్పింది" అను. అలాగే అను, నా పరువు కోసం మాట మార్చకు.

బుధవారం బండికి బయలుదేరుతున్నాను. మొదటిసారి నీ మొహం చూస్తూ చెప్పలేకనే ఉత్తరాన్ని ముందు పంపుతున్నాను. కాగితం చాలదంటే, డాక్టరుగారి గది బయటే కూర్చుని ఉంటాను. నన్ను లోపలికి పిలు. నా నోటితోనే చెబుతాను.

ఇట్లు,
నీ నొప్పి ఎరిగీ ఎరగనట్టున్న
మీ అమ్మ