మంచం ఖాళీ చేసే ఉద్యమం

జూన్ 3, మంగళవారం
శుభారంభం! తెనాలిలో మా అద్దె పోర్షన్ ఒక గది, వంటిల్లు. ఉన్న ఒక్క మంచం మీద మావాడు రాహుల్ చదువు పడుకుంటోంది: పూసలు, చింతపిక్కలు, సీసా మూతలు, అట్ట గడియారం. మేం చాప మీద. వాడికి ఐదేళ్లు. చేత్తో ముట్టుకుంటే తప్ప లెక్క రాదు.

ఆదివారం కొల్లూరు నుంచి అమ్మ వస్తోంది. మోకాళ్ల నొప్పులు, కింద పడుకోలేదు. ఈలోగా మంచం ఖాళీ కాకపోతే అన్నీ అటకెక్కిస్తానంది మా ఆవిడ అలేఖ్య. మా అటకెక్కింది ఏదీ ఇంతవరకు దిగలేదు. నా హార్మోనియం ఇంకా అక్కడే ఉంది.

ఇవాళ్టి నుంచి ప్రతి వస్తువుకీ ఒక డబ్బా. వాడి చదువు నా పూచీ!

జూన్ 4
బజారుకెళ్లి డజను డబ్బాలు తెచ్చాను. పేర్లు రాసి అంటించాను. అద్భుతం! పెట్టే చోటు లేక ప్రస్తుతానికి మంచం మీదే పెట్టాను.

జూన్ 5
రాహుల్ డబ్బాలన్నీ ఖాళీ చేసి రైలు కట్టాడు. రేపల్లె బండి అట. బండిని మధ్యలో ఆపడం నాకు న్యాయం అనిపించలేదు.

జూన్ 6
ఎండ. ఆఫీసులో పని. అయినా పూసలు సర్దాను, రంగుకో గిన్నె చొప్పున, పాత పోపుల డబ్బాలో. ఏం తెలివి!

జూన్ 7
పొద్దున్నే వంటింట్లోంచి అలేఖ్య, "ఈ ఆవాలు ఎంతకీ చిటపటలాడవేంటి?"
నల్ల పూసలు.
టిఫిన్ లేదు.

జూన్ 8, ఆదివారం
అలేఖ్య నిచ్చెన వేసింది. అన్నీ మూటకట్టి అటకెక్కించాం, ఖాళీ డబ్బాలు మంచం కిందికి తోశాం. రాహుల్ ఏడవలేదు, అట్ట గడియారం చొక్కాలో దాచుకున్నాడు. అది చూసి నాకు ఏడుపొచ్చింది.

సాయంత్రం అమ్మ లంక తోటలోంచి అరటి గెలతో దిగింది. వాణ్ని పక్కన కూచోబెట్టుకుని, పండ్లు లెక్కపెట్టించి, ఒకటి తినిపించి, ఇంకెన్ని మిగిలాయని అడిగింది. టక్కున చెప్పాడు! నేను నేర్పలేక వదిలేసిన తీసివేత! "ఇదైతే దాచే పని లేదుగా," అంది అమ్మ.

జూన్ 12
గెల అయిపోయింది. గదిలో వాసన. మంచం కింద చూస్తే నా డబ్బాల నిండా అరటి తొక్కలు. పారేయబోతే రాహుల్ అడ్డం పడ్డాడు.

"పారేస్తే ఎన్ని తిన్నామో ఎట్లా తెలుస్తుంది నాన్నా?"

అలేఖ్య నిచ్చెన వేసుకుని మూట దించింది. మా అటక మీంచి దిగిన మొదటి వస్తువు ఇదే. తొక్కలు తీసుకుని వాడి చేతిలో చింతపిక్కలు పోసింది. అమ్మ కాళ్లు ముడుచుకుని మంచం మీద వాడికి చోటిచ్చింది.

రేపటి నుంచి ప్రతి వస్తువుకీ ఒక డబ్బా. ముందు డబ్బాలు కడగాలి.