ఖాళీ మాత్రల షీటుకు బియ్యమిచ్చు పద్ధతి గురించి

శ్రీయుత వెన్సెస్లావ్ తూపాస్ గారు, కపితాన్ (పేట పెద్ద), సాన్ తెల్మో పేట వారి సముఖమునకు,

ఎలూటెరియో మగ్‌బనువా, వయస్సు 61, సంతలోని ఊరి త్రాసు కాపలాదారు, ఇంటి నెంబరు 63, వ్రాసుకొను అర్జీ.

తేదీ: 8 జూన్ 2020

విషయం: వైరస్ నివారణ నిమిత్తము ఇంటింటికీ పంచబడిన మాత్రలను, మింగనవసరం లేనివారి నుండి మింగక తప్పనివారికి ఇప్పించుట గురించి.

అయ్యా,

పై విషయమై తమకు సవినయముగా విన్నవించుకొనునది ఏమనగా:

1. నేను పంతొమ్మిదేళ్ళుగా సంతలో ఊరి త్రాసు దగ్గర కూర్చుంటున్నాను. కిలో అని కొన్న చేప కిలో ఉందో లేదో అనుమానం వచ్చినవాళ్ళు నా దగ్గరికి తెచ్చి మళ్ళీ తూయించుకుంటారు. తక్కువైతే తక్కువని చెబుతాను. అందువల్ల చేపలమ్మేవాళ్ళలో నాకు స్నేహితులు లేరు. ఈ అర్జీలో నా నోరు కాస్త దురుసుగా కనిపిస్తే అది ఉద్యోగం వల్ల వచ్చిన అలవాటేగాని తమరి మీద ద్వేషం కాదని గ్రహించగలరు.

2. నా భార్య కన్సోర్సియా, పేటలో అందరికీ సియాంగ్, పద్నాలుగేళ్ళుగా లూపస్ అనే జబ్బుతో ఉన్నది. ఒంటికి కాపలా కాయవలసిన బలమే తిరగబడి, ఇంటివాళ్ళను కరిచే కుక్కలాగా సొంత ఒంటినే కరవడం ఆ జబ్బు లక్షణం. కీళ్ళు, చర్మం, చివరికి మూత్రపిండాలు. దాన్ని గొలుసు వేసి కట్టి ఉంచేది రోజుకొక హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్ర. ఫిబ్రవరి దాకా ఈ పేరు పేటలో మేమిద్దరమే పలికేవాళ్ళం. ఏప్రిల్ వచ్చేసరికి ట్రైసైకిల్ నడిపేవాళ్ళు కూడా తడుముకోకుండా పలుకుతున్నారు. పలకడం అందరికీ వచ్చింది, దొరకడం మాకు పోయింది. ఇంటికొక్కరే బయటికి వెళ్ళే పాసు పట్టుకుని పట్టణంలో పదకొండు మందుల షాపులు తిరిగాను. చివరి షాపులో అమ్మాయి అద్దం వెనక నుంచి అన్నది:

"మొత్తం వైరస్‌కే పోయింది బాబాయ్. మీవాళ్ళకి వైరస్సా?"

"కాదమ్మా. పాత జబ్బు."

"అయితే కష్టం. పాత జబ్బులకి ఇప్పుడు రావట్లేదు."

3. ఒక జబ్బు కోసం పుట్టిన మందును మరో జబ్బు మీదకు బదిలీ చేయడం తప్పని నేననడం లేదు. అనకూడదు కూడా, ఎందుకంటే నా భార్య బతికి ఉన్నదే అలాంటి బదిలీ వల్ల. ఈ మాత్ర మొదట మలేరియా కొలువులో చేరింది, తరువాత లూపస్ శాఖకు మారింది. కానీ ఆ మార్పు స్థిరపడేలోపు డాక్టర్లు ఏళ్ళ తరబడి చూశారు. ఎవరికి మేలు చేస్తుంది, ఎంత వేయాలి, కంటికి ఏం చేస్తుంది, గుండెకు ఏం చేస్తుంది అని రాసి పెట్టుకున్నారు. వైరస్ శాఖకు బదిలీ చేయడానికి మన పేటలో చూపిన ఆధారం మాత్రం తమరి ఫోనుకు వచ్చిన నాలుగు నిమిషాల వీడియో. అందులోనూ మొదటి నిమిషం కోళ్ళ దాణా ప్రకటన. మేలేమీ కనబడలేదని ఒక పెద్ద పరీక్షలో ఈ మందును ఆపేశారని మొన్న రేడియోలో చెప్పారు. తమరు రేడియో వినరని తెలుసు గనక మనవి చేసుకుంటున్నాను.

4. మే నెల పదో తేదీన బాస్కెట్‌బాల్ కోర్టులో, దూరదూరంగా వేసిన ప్లాస్టిక్ కుర్చీలలో జరిగిన సభను తమకు గుర్తు చేయుచున్నాను. ఇంటికి మూడు కిలోల బియ్యం, నాలుగు సార్డీను డబ్బాలు, పది మాత్రల షీటు ఒకటి ఇస్తామని తమరు ప్రకటించారు. షీటు ఒకవైపు తమరి నవ్వుముఖం అంటించి ఉన్నది, రెండోవైపు నీలం సిరాతో ఇంటి నెంబరు ముద్ర ఉన్నది. ఎవరు వేసుకోవాలి, ఎవరు వేసుకోకూడదు అన్నది మాత్రం ఎక్కడా లేదు. నవ్వుముఖం పోగా చోటు మిగల్లేదు కాబోలు. నేను చెయ్యెత్తాను.

"లాభం చెప్పారు కపితాన్. నష్టం సంగతి?"

"నష్టమేముందయ్యా తెరియో? మీ ఆవిడ పద్నాలుగేళ్ళుగా మింగుతోంది కదా, ఏమైంది? నిక్షేపంలా ఉంది."

"ఆవిడకి ఏటా కళ్ళు పరీక్ష చేస్తారు. గుండె చూశాకే మొదలెట్టారు. మన పేటలో ఎవరికి చూస్తారు?"

"తూకాలు నీ త్రాసు దగ్గర పెట్టుకో, ఇది ఆరోగ్యం. మా ఇంట్లో అందరం వేసుకుంటున్నాం. నన్ను చూడు, ఎలా ఉన్నాను?"

"బాగానే ఉన్నారు" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. నా ప్రశ్నకు జవాబు ఇచ్చినట్టు పేట పుస్తకంలో రాసుకున్నారు.

అయ్యా, పంతొమ్మిదేళ్ళ అనుభవంతో చెబుతున్నాను, నష్టమేముంది అన్న మాటలో తూకం తక్కువ ఉన్నది. నష్టం ఎవరిదని ఎవరూ అడగలేదు. లాభమూ నష్టమూ ఒకే ఇంట్లో పడతాయనుకుని తీర్మానం చేశారు. లాభం, అది ఉంటే, పేటలోని నూట పద్దెనిమిది ఇళ్ళది. నష్టం అరవై మూడో నెంబరు ఇంటిది, అది ఉన్నది. నూట పద్దెనిమిది షీట్లంటే సియాంగ్‌కు మూడేళ్ళ పైచిలుకు మందు.

నలభయ్యో నెంబరు ఇంటి ముసలమ్మ, ఒకటి మంచిదైతే నాలుగు ఇంకా మంచివని ఒకే పూట నాలుగు వేసుకుని, గుండెదడతో ట్రైసైకిల్ ఎక్కి ఆసుపత్రికి వెళ్ళింది. దేవుడి దయవల్ల తిరిగి వచ్చింది. పేట పుస్తకంలో ఆమె పేరు ఎదుట "సద్వినియోగము" అని రాసి ఉండగా నా కళ్ళతో చూశాను.

5. ఇంతవరకైతే నేను అర్జీ పెట్టేవాణ్ణి కాదు. కానీ ఖాళీ షీటు తెచ్చి చూపినవారికే తరువాతి విడత బియ్యమని తమరు ఉత్తర్వు చేశారు. జనం మాత్రలు మింగాలని తమరి ఉద్దేశం. జనానికి కావలసింది బియ్యం. షీటు ఖాళీ చేయడానికి నోరే అక్కర్లేదని పేటలో రెండు రోజుల్లో అందరికీ తెలిసిపోయింది. కొన్ని కాలవలో పడ్డాయి, కొన్ని కోడిపుంజుల మేతలో కలిశాయి. మా పక్కింటి ఓపింగక్కను అడగడానికి ఆరు గుడ్లు పట్టుకుని వెళ్ళాను.

"అక్కా, నీ మాత్రలు నాకిస్తావా? గుడ్లు ఇస్తాను."

"అయ్యో, నిన్న రావాల్సింది తమ్ముడూ. కుడితిలో కలిపి పందికి పెట్టేశా."

"మొత్తమా?"

"ఎనిమిది తింది. రెండు ఉమ్మేసింది. కావాలంటే అవి కడిగి ఇస్తా. గుడ్లొద్దులే."

తెచ్చుకున్నాను. సియాంగ్ వాటిని అరచేతిలో పెట్టుకుని చూసి నవ్వింది, తరువాత ఒకటి మింగింది. నేను చూడలేక పెరట్లోకి వెళ్ళిపోయాను.

నూట పద్దెనిమిది ఇళ్ళకు నూట పద్దెనిమిదీ మాత్రలు మింగినట్టు తమరు పట్టణానికి నివేదిక పంపారు. ప్రశంసాపత్రం వచ్చింది, అది కార్యాలయం గోడకు వేలాడుతున్నది. వంద శాతం అని అందులో ఎర్ర సిరాతో ఉన్నది. పేటలో పందులు, పుంజులు, కాలవలోని చేపలు వైరస్ నుంచి పూర్తి రక్షణలో ఉన్నాయని నేను ప్రమాణపూర్వకంగా చెప్పగలను.

6. ఇదివరలో మౌఖికముగా కూడా విన్నవించుకొంటిని. ఆరోగ్య కార్యకర్త మెర్సెడీటా కాగితం తీసి నన్ను ప్రశ్నలు అడిగింది.

"జ్వరం ఉందా ఆవిడకి?"

"లేదు."

"దగ్గు?"

"లేదు."

"వాసన తెలుస్తోందా?"

"మూడిళ్ళ అవతల ఎండుచేపలు వేయిస్తే ఏ చేపో చెబుతుంది."

"అయితే ఆరోగ్యంగా ఉన్నట్టే బాబాయ్. ఆరోగ్యవంతులకి ఇంటికి ఒక్క షీటే."

"ఆ షీటు అయిపోయిందమ్మా."

"ఎలా అయిపోయింది?"

"మింగింది."

మెర్సెడీటా కలం ఆపి నా వైపు చూసింది. పేటలో ఆ జవాబు ఆమెకు మొదటిసారి వినబడినట్టున్నది. తరువాత మెల్లగా, "ఇందులో పాత జబ్బుకి గడి లేదు బాబాయ్, ఉంటే నేనే రాసేదాన్ని" అన్నది. మంచి పిల్ల. ఆమె మీద చర్య తీసుకోవద్దని ప్రార్థన.

7. ఏప్రిల్ నుంచి సియాంగ్ రోజు విడిచి రోజు మాత్ర వేసుకుంటున్నది. మే చివరి నుంచి అందులోనూ సగం. చెంపల మీద ఎర్రమచ్చ తిరిగి వచ్చింది. వేళ్ళు వాచి రవికె బొత్తాలు పెట్టుకోలేకపోతున్నది, నేను పెడుతున్నాను. నలభయ్యేళ్ళ కాపురంలో ఆ పని ఇంత కష్టమని నాకు తెలియదు. పాదాలు వాస్తున్నాయని డాక్టరుగారికి ఫోను చేస్తే, మూత్రపిండాల దాకా వెళుతున్నదేమో, మాత్ర ఆపకూడదు అన్నారు. ఎక్కడ దొరుకుతుందండీ అంటే, ఎన్ని షాపులు చూశారని ఆయన నన్నే అడిగారు.

నిన్న అన్నం తింటూ సియాంగ్ అన్నది: "నాకూ ఆ వైరస్సే వస్తే బాగుండు తెరియో. అప్పుడు నా మాత్రలు నాకిస్తారు."

వేళాకోళానికే అన్నది. ఆమె అన్నిటికీ అలాగే అంటుంది. నాకు నవ్వు రాలేదు. అయ్యా, నాకు భయంగా ఉన్నది. ఇది అర్జీలో రాయదగిన మాట కాదని తెలుసు, కొట్టివేయడానికి చెయ్యి రాలేదు.

8. కావున తమరు దయచేసి:

(అ) ఖాళీ షీటు బదులు నిండు షీటు తెచ్చి ఇచ్చినవారికి కూడా బియ్యం ఇవ్వవలెనని ఉత్తర్వు చేయవలెను. వారు బియ్యం తింటారు, నా భార్య మాత్ర వేసుకుంటుంది. పందులకు కూడా శ్రేయస్కరం.

(ఆ) పై ఉత్తర్వు తమరి ప్రతిష్ఠకు భంగమని తోచినచో, నా భార్యకు దగ్గు ఉన్నట్టు రాసుకోవలెను. దగ్గమంటే దగ్గుతుంది, నేను సాధన చేయిస్తాను.

(ఇ) తరువాతి సభలో లాభంతో పాటు నష్టం కూడా తూయదలచినచో ఊరి త్రాసును ఉచితముగా తెచ్చి పెట్టగలను.

ఈ అర్జీ రాసే నాటికి మా ఇంట్లో ఉన్నవి రెండున్నర మాత్రలు. అందులో ఒకటి పంది ఉమ్మినది. కాబట్టి తమరు తీరిక చేసుకొని, ఈ రెండున్నరా అయిపోయేలోగా, చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఎలూటెరియో మగ్‌బనువా

తాజా కలం: 9 జూన్.

కవరు అన్నం మెతుకులతో అంటించాక మళ్ళీ చించవలసి వచ్చింది. చిరుగులకు మన్నించాలి.

సంత లేని రోజుల్లో త్రాసు మా ఇంట్లోనే ఉంటుంది. ఈ ఉదయం దాన్ని గుమ్మం ముందు బల్ల మీద పెట్టి, పక్కన అట్టముక్క మీద "మింగనివారు ఇందులో వేయగలరు, ఎవరని అడగను" అని రాసి పెట్టాను. నేను కిటికీలో కూర్చున్నాను. మధ్యాహ్నానికి ఇరవై ఆరు మాత్రలు వచ్చాయి. కొందరు ఉప్పు జాడీలో దాచారట, ఒకరు బాలయేసు విగ్రహం వెనక. అన్నీ విడి మాత్రలే, ఎందుకంటే షీట్లు బియ్యానికి పోయాయి. పుంజుల బెర్తో నాలుగు తెచ్చి, "నా పుంజు కూడా వద్దంది అన్నా" అన్నాడు.

రెండు గంటలకు, ఎండ మాడిపోతుండగా, తమరి భార్య లియోనీలా గారు గొడుగు వేసుకుని వచ్చారు. ఆమె, సియాంగ్ ఇరవై ఏళ్ళు చాపెల్‌లో పక్కపక్కన నిలబడి పాడినవాళ్ళు.

"త్రాసు సరిగ్గా ఉందో లేదో చూద్దామని వచ్చాను అన్నయ్యా" అన్నారు.

"చూడండమ్మా."

చేతిరుమాలు మడతను పళ్ళెంలో పెట్టి ముల్లు వైపు చూశారు.

"కదల్లేదే."

"ఇలాంటివి తూగవమ్మా."

"సియాంగ్‌ని ఆదివారం పాటకి రమ్మను" అని వెళ్ళిపోయారు.

రుమాలు విప్పితే ఒక షీటు. పది మాత్రలకు పదీ ఉన్నాయి. ఒకవైపు తమరు నవ్వుతున్నారు. రెండోవైపు నీలం సిరాతో ముద్ర: ఇంటి నెంబరు 1.

తమరి ఇంట్లో బియ్యానికి ఖాళీ షీటు చూపవలసిన అవసరం లేదు గనక అది అలా మిగిలింది. తమరి ఇంట్లో లాభనష్టాలు ఎవరో సరిగ్గానే తూచారు. ఆవిడను కోప్పడవద్దని నా మనవి.

సియాంగ్ అన్నం తిని అందులోంచి మొదటి మాత్ర వేసుకున్నది, సగం కాదు, నిండుది. ఇంకో తొమ్మిది రోజుల్లో ఖాళీ షీటు తెచ్చి తమరి చేతికే ఇస్తాను. అప్పుడు తమరి వంద శాతంలో తమరి ఇల్లు కూడా చేరుతుంది.