సంతకం లేని రికార్డు పుస్తకాలు

ప్రిన్సిపాల్ అక్కకు,

నువ్వు పంపిన నలభై రికార్డు పుస్తకాలు అందాయి. నీ నర్సింగ్ కాలేజీ విద్యార్థినులు ఆరు నెలలు ఈ ఆసుపత్రిలో నా వార్డులో పనిచేశారని సంతకం పెట్టమన్నావు. వాళ్ల నీడైనా ఇక్కడ పడలేదు.

నిన్న మొదటిసారి వాళ్లలో ఒకమ్మాయి వచ్చింది. రోగి నాడి చూడమంటే వేళ్లు ఎక్కడ పెట్టాలో తెలియక ఏడ్చేసింది. "కాలేజీలో తనిఖీ రోజున తప్ప, ప్రాక్టీసుకని ఉంచిన మనిషి బొమ్మను కూడా బీరువాలోంచి తియ్యరు మేడమ్" అంది. సిగ్గును కూడా ఆ బీరువాలోనే దాచావా?

"సొంత చెల్లెలివి, ఆ మాత్రం చెయ్యలేవా?" అని ఫోన్లో దబాయించావు. చెల్లెల్ని గనుకే ముందుగా చెబుతున్నాను. పుస్తకాలన్నీ సంతకం లేకుండానే నర్సింగ్ కౌన్సిల్‌కు పంపుతున్నాను.

ఆ అమ్మాయి ఇవాళ నాడి సరిగ్గా లెక్కపెట్టింది. నేర్పడానికి నాకు పది నిమిషాలు పట్టింది. నీకు మూడేళ్లు చాలలేదు.

చెల్లెలు