బావ జైల్లో ఉండగా విస్తరి వేయలేను

విదేశీ ప్రతినిధి బృందం స్వాగత ఏర్పాట్ల ప్రత్యేక అధికారి గారి సముఖమునకు,
అనకాపల్లి, గవరపాలెం వాస్తవ్యుడు, వంట కాంట్రాక్టరు కృపానిధి వ్రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: ఈ నెల ఇరవై రెండో తేదీన బెల్లం మార్కెట్టు చూడడానికి వస్తున్న మిత్రదేశపు ప్రతినిధులకు మధ్యాహ్న భోజనం వండవలసిందిగా నాకు ఇచ్చిన ఉత్తర్వును రద్దు చేయుట, వీలైతే ఆ భోజనాన్నే రద్దు చేయుట గురించి.

సూచిక: తమ కార్యాలయ సూపరింటెండెంటు దేవీప్రసాద్ గారు స్వయంగా మా ఇంటికి వచ్చి, కాఫీ తాగి, ఇచ్చి వెళ్లిన కాగితం.

పై విషయమై తమకు విన్నవించుకొనునది ఏమనగా, నేను ఇరవై ఆరేళ్లుగా ఈ ఊళ్లో వంటలు చేస్తున్నాను. పెళ్లిళ్లు, క్రిస్మస్ విందులు, పాస్టర్ల సభలు, పదవీ విరమణలు అన్నీ చేశాను. ఎన్నికలప్పుడు రెండు ఎదురు పార్టీలకు ఒకే రోజు, ఒకే గాడిపొయ్యి మీద వండి, ఎవరి బిర్యానీ వాళ్లకు చేర్చాను. ఇంతవరకు ఎవరికీ వండనని చెప్పలేదు. ఇదే మొదటిసారి కనుక మాటల్లో తప్పులుంటే మన్నించగలరు. ఉత్తర్వులో ఆ దేశం పేరు రాయకుండా ‘మిత్రదేశం’ అని మాత్రమే ఉంది. నేనూ అలాగే రాస్తాను. ఎవరికి మిత్రుడో ఉత్తర్వులో లేదు.

నా అభ్యంతరములు:

1. మా చెల్లెలు షైనీ భర్త రోనాల్డ్, అనగా మా బావ, సదరు మిత్రదేశంలో పైపుల వెల్డరుగా పనిచేసేవాడు. పద్నాలుగు నెలల క్రితం ఒక సెలవురోజున క్యాంపులో తోటివాళ్లకు పునుగులు వేశాడు. నూనె పీల్చుకోవడానికి కింద న్యూస్‌పేపరు పరిచాడు. అనకాపల్లిలో పుట్టినవాడు ఎవడైనా అదే చేస్తాడు. ఆ పేపరు మొదటి పేజీలో ఆ దేశపు అధినేత ఫోటో ఉంది. అక్కడ రోజూ మొదటి పేజీలో ఆయన ఫోటోయే ఉంటుందట, పండగరోజుల్లో ఆటల పేజీలో కూడా. పునుగులు అయిపోయేసరికి ఆయన ముఖం నూనెతో నిగనిగలాడుతోంది. క్యాంపులో ఎవడో పోలీసులకు ఫోన్ చేశాడు. ‘అధినేత ముఖారవిందమును ఉద్దేశపూర్వకంగా మలినపరచుట’ అనే నేరం కింద మా బావకు ఏడేళ్లు వేశారు. పునుగులు తిన్న ఆరుగురిని సాక్షులుగా రాసుకుని మన దేశానికి పంపించేశారు. అప్పటినుంచి మా బావ దగ్గరనుంచి ఒక్క ఫోను లేదు, ఉత్తరం లేదు. ఏ జైల్లో ఉన్నాడో చెప్పరు. ఒంట్లో ఎలా ఉందో చెప్పరు. అసలు ఉన్నాడో. (ఈ చివరి వాక్యాన్ని కొట్టివేయడమైనది. దయచేసి చదవవద్దు.)

2. ఉత్తర్వుతోపాటు మిత్రదేశం వారు పంపిన నియమావళి జతపరిచారు. దాని ప్రకారం భోజనశాలలో అధినేత గారి నిలువెత్తు ఫోటో పెట్టాలి. ఆ ఫోటోకు ఎవరూ వీపు చూపరాదు. అంటే వడ్డించేవాళ్లు వరుస చివరివరకు వడ్డించుకుంటూ వెళ్లి, వెనుదిరగకుండా అలాగే వెనక్కి వెనక్కి నడుచుకుంటూ రావాలి. చేతిలో పొగలు కక్కే సాంబారు బకెట్టు ఉండగా ఇది సాధ్యమా కాదా అని దేవీప్రసాద్ గారు మొన్న కల్యాణమండపంలో రిహార్సల్ పెట్టించారు. మా నానాజీ పద్దెనిమిదేళ్లుగా ఒక్క చుక్క ఒలకకుండా వడ్డించిన మనిషి. అతను నాలుగు వరుసలు వెనక్కి నడిచి, అయిదో వరుసలో పర్యవేక్షిస్తున్న దేవీప్రసాద్ గారి కుడికాలి మీద సాంబారు వడ్డించాడు. దేవీప్రసాద్ గారు ఆ నొప్పిలో కూడా ఫోటోకు వీపు చూపలేదని నేను సాక్ష్యం చెప్పగలను. నియమం సడలించమని అడిగితే, పైనుంచి స్పష్టత కోరుతూ రాశామని అన్నారు. కాలు ఇంకా తగ్గలేదు.

3. స్వాగత ఫ్లెక్సీలు నలభై కట్టిస్తున్నట్టు విన్నాను. తమరు ఈ ఊరికి కొత్త గనుక తెలియపరుస్తున్నాను. ఇక్కడ ఫ్లెక్సీ దిగిన గంటకల్లా మాయమవుతుంది. మళ్లీ ఏ ఆటో పైకప్పుగానో, ఏ గేదెల పాక మీదనో, వడియాలు ఎండబెట్టిన మేడ మీదనో తేలుతుంది. మొన్న ఎండాకాలం ఒక నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ మీద మా వీధిలో చింతపండు గింజ తీసి ఆరబెట్టారు. ఆయనకు తెలిసినా ఏమీ అనలేదు, కొంచెం చింతపండు పంపమన్నాడు. మన దగ్గర అంతే. సదరు అధినేత గారి ఫ్లెక్సీలు నలభై ఊళ్లోకి వదిలితే, వారి చట్టం ప్రకారం నెల తిరగకుండా గవరపాలెం గవరపాలెమంతా లోపలికి పోవలసివస్తుంది.

4. ఈ అభ్యంతరం అసలైనది. కింద పెట్టినందుకు క్షమించాలి, రాయడానికి ధైర్యం ఇప్పటికి వచ్చింది.

దేవీప్రసాద్ గారు మంచివారు. కాఫీ తాగుతూ నాకు నచ్చజెప్పారు. రాకపోకలుంటేనే మాట చెల్లుతుందని, నలుగురూ కూర్చుని తింటే మనసులు కలుస్తాయని, రేపు మీ బావ విడుదలకు కూడా ఇదే దారి అని అన్నారు. వినడానికి బాగుంది. అయితే ఇదే బృందం ఏడు నెలల క్రితం ఇంకో ఊరు వచ్చింది. అక్కడా విందు జరిగింది. ఆ తర్వాత నేను మా బావ గురించి ఢిల్లీకి అర్జీ పెట్టుకుంటే జవాబు వచ్చింది. అందులో ఇలా ఉంది: ‘ఇరు దేశాల సంబంధాలు అత్యంత స్నేహపూర్వకంగా ఉన్నందున సదరు వ్యక్తికి అక్కడ ఇబ్బంది కలుగుతున్నట్లు భావించుటకు ఆస్కారము లేదు. స్నేహమునకు నిదర్శనముగా విందు ఫోటో జతపరచడమైనది.’ ఫోటోలో ఇరుపక్షాల పెద్దలు నవ్వుతూ జీడిపప్పు ఉప్మా తింటున్నారు. మా బావ క్షేమంగా ఉన్నాడనడానికి ప్రభుత్వం వారు మాకు ఇచ్చిన ఏకైక ఆధారం ఆ ఉప్మా.

అంటే వాళ్లతో కూర్చుని తిన్నది మా బావ కోసం అడగడానికి కాదు, అడగనక్కరలేదని చెప్పడానికి పనికొచ్చింది. ఇప్పుడు రెండో విందు నా చేత్తో వండితే, రెండో ఫోటో నా వంటతో దిగుతుంది. రేపు నేను మళ్లీ అర్జీ పెడితే, నీ పులిహోరే వాళ్లు తిన్నారు కదా, ఇంకేమిటి నీ బాధ అని నన్నే అడుగుతారు. నాకు కోపం రాదా అయ్యా?

5. తిండికి ఇంత బలం ఉందా అని తమకు అనుమానం రావచ్చు. ఉంది. నేను చేసిన ఒక పాపం వల్ల నాకు తెలుసు.

మునగపాకలో సత్తియ్య మామ అని చెరకు రైతు ఉన్నాడు. ఆయనకూ పక్క పొలం వాళ్లకూ నీటి బోదె, అంటే పొలానికి నీరొచ్చే పిల్లకాలువ, గురించి పదకొండేళ్లు తగువు. మా వైపు ఒక పద్ధతి ఉంది. తగువు తెగేదాకా ఒకరింట ఒకరు చెయ్యి కడగరు. తిన్నారంటే రాజీపడినట్టే, ఇంక పెద్దమనుషులు కూడా కలగజేసుకోరు. పక్క పొలం వాళ్లింట్లో పెళ్లయింది. వంట నాది. ఊరి మర్యాద కోసం సత్తియ్య మామ వచ్చి పందిరి బయటే నిలబడ్డాడు. ఈ తగువు సంగతి తెలియని నేను, పెద్దాయన నిలబడి ఉన్నాడే అని వేడివేడి బూరె ఒకటి ఆకులో పెట్టి, తీపి సరిపోయిందో లేదో చూడు మామా అని చేతిలో పెట్టాను. ఆయన ఏదో ఆలోచనలో ఉండి కొరికేశాడు. పందిట్లోంచి పెళ్లికొడుకు తండ్రి, అంటే ఆ పక్క పొలం ఆసామి, చూశాడు. తెల్లారేసరికి తగువు ముగిసింది, బోదె వాళ్లదయింది. పదకొండేళ్ల న్యాయం సగం బూరెకి పోయింది. ఈ రోజుకీ సత్తియ్య మామ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండును.

6. మిత్రదేశం వారు బెల్లం కొంటే రైతుకు మంచిదే కదా, వాళ్ల నోటి దగ్గర కూడు తీస్తావా అని నన్ను కొందరు అడిగారు. ఈ ప్రశ్న నన్ను రెండు రోజులు తినేసింది. చివరికి సత్తియ్య మామనే వెళ్లి అడిగాను. ఆయన చెరకుతోటలోంచి బయటికి కూడా రాకుండా చెప్పాడు:

“అమ్ముకోడం ఏరు, ఇస్తరేసి కూకోబెట్టడం ఏరు అల్లుడూ. సంతలో ఎవుడైనా కొంటాడు. బంతిలో కూకున్నోడు సుట్టం.”

ఇంతకంటే వివరంగా నేను రాయలేను.

7. ఏడో అభ్యంతరం ప్రత్యేకంగా ఏమీ లేదు. ఆరుతో ఆపితే తక్కువగా ఉన్నాయని పక్కన పడేస్తారేమోనని వేశాను.

కావున తమతో మనవి చేసుకొనునది ఏమనగా, నేను యుద్ధం చెయ్యమని అడగడం లేదు. వచ్చిన వారిని రావద్దనమనీ అడగడం లేదు. రానివ్వండి, మార్కెట్టు చూపించండి, బెల్లం తూచి ఇచ్చి పంపించండి. దాహం వేస్తే మంచినీళ్లు ఇవ్వండి, నీళ్లకు తగువు అంటదు. ఫోటో, దండ, సన్మానం, భోజనం మాత్రం వద్దు. మా మనిషిని మాకు అప్పగించిన రోజున చెప్పండి. అయిదు రకాల పిండివంటలతో, పైసా తీసుకోకుండా, వాళ్ల దేశం మొత్తానికి వండుతాను. అంతవరకు ఈ చేత్తో వాళ్లకు విస్తరి వేయలేను.

ఇదంతా తమరు చిత్తగించవలెను. అంత తీరిక లేనిచో ఒకటో అభ్యంతరం, నాలుగో అభ్యంతరం అయినా చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు (వంట విషయంలో తప్ప),
కృపానిధి

తా.క.: పై అర్జీకి సంతకం పెట్టి, మా చెల్లెలికి చదివి వినిపించాను. సంతోషిస్తుందనుకున్నాను. అది పిల్లల యూనిఫాం ఇస్త్రీ చేస్తూ చివరిదాకా విని, వచ్చేవాళ్లలో జైళ్లు చూసేవాడు ఎవడైనా ఉన్నాడా అని అడిగింది. జాబితా తీసి చూశాను. నాలుగో పేరు ఆ దేశపు జైళ్ల శాఖ ఉప కార్యదర్శిది. బెల్లం కొనడానికి ఆయన ఎందుకొస్తున్నాడో నాకు తెలియదు.

“అయితే వండు అన్నయ్యా. నేను వడ్డిత్తాను” అంది.

నేను రాజీ సంగతంతా మళ్లీ మొదటినుంచి చెప్పాను. షైనీ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి నాకేసి చూసింది.

“సేతిలో ఎట్టిన బూరె ఏరు. ఇస్తర్లో పెరుగన్నం తినకుండా లేత్తే బోజనం అయినట్టు కాదు కదా అన్నయ్యా. అవ్వకపోతే రాజీ ఎక్కడిది? పెరుగు నా సేతిలో ఉంటది. మా ఆయన ఎక్కడున్నాడో ఆ జైళ్లాయన సెప్పాలి, అప్పుడేత్తాను.”

పరాయి దేశం వాళ్లకి పెరుగు సంగతి ఏం తెలుస్తుంది, లేచి చెయ్యి కడిగేసుకుంటారు అన్నాను. లేవకూడదని మీ ఆఫీసరు గారి చేత చెప్పించు, ఆళ్ల రూల్సు మనం వినట్లేదా, మన రూలు ఒక్కటి ఆళ్లు వినలేరా అంది. దీనికి జవాబు తమ దగ్గర ఉంటే రాయగలరు.

కావున పై అర్జీ ఒక్క అక్షరం మార్చకుండా అలాగే ఉంచుతున్నాను. భోజనం రద్దు చేస్తే అంతకంటే కావలసింది లేదు. ఒకవేళ తమరు నా మాట తోసిపుచ్చి భోజనం పెట్టే పక్షంలో, వడ్డించేవాళ్ల జాబితాలో షైనీ అనే పేరు కలపవలెను. నేనే వండుతాను. ఆ నాలుగో పేరాయనకు కావలసిన కూర ఏమిటో కనుక్కుని చెప్పండి, అది కూడా చేస్తాను. ఆయన నోరు విప్పేవరకు మా చెల్లెలు పెరుగు గిన్నె పట్టుకుని విస్తరి ముందే నిలబడుతుంది. ఆలస్యమవుతుందని తమరు కంగారుపడవద్దు. పద్నాలుగు నెలలుగా అది నిలబడే ఉంది.