అరువు తెచ్చుకున్న దగ్గు

బాబాయికి,

ఈ ఉదయం చివరి బెంచీలో నా పక్కన కూర్చున్న అమ్మాయి, లెక్చరర్ జోకు వెయ్యకముందే నవ్వింది. మీరు తెచ్చిన సంబంధం కదా, పెళ్లిచూపులకు ముందే ఆయన పాఠం ఒకసారి విందామని కాలేజీకి వెళ్లాను. "ఇంజినీరింగ్‌లో మంచి మేష్టార్లకు కరువమ్మా, ఇతను వజ్రం" అన్నారు మీరు.

ఆ వజ్రం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే ఒక వీడియో పాఠాన్ని బట్టీపట్టి అప్పజెప్పింది. ఆ పాఠం నేనూ చాలాసార్లు విన్నాను. అందులోని ప్రొఫెసర్ ఒకచోట మైనస్‌కు బదులు ప్లస్ రాసి, నాలిక కరుచుకుని దిద్దుకుంటాడు. ఈయనా అక్కడే ప్లస్ రాశారు, అక్కడే నాలిక కరుచుకున్నారు.

"ఇప్పుడు దగ్గుతారు చూడండక్కా" అని ఆ అమ్మాయి నా చెవిలో చెప్పింది. ఆయన దగ్గారు.

పొరపాటు కూడా సొంతంగా చేయలేని మనిషితో కాపురం నావల్ల కాదు. ఆదివారం రావద్దని వాళ్లకు చెప్పండి. పిన్నికి నేనే సర్దిచెబుతాను.

ఆయనకు ఇచ్చిన ఆ ఉద్యోగం ఇంటర్వ్యూకు నేనూ వెళ్లాను బాబాయ్. కాసేపు పాఠం చెప్పి చూపించమంటే నాకు నోరు పెగల్లేదు.